మూలాలు దొరికిన తరువాత

గణితాన్ని గురించి తెలుగు అధ్యాపకుడు కలం పట్టడం కొందరికి వింతగా తోచవచ్చు. ఈ వ్యాసం సంగతి చెప్పగానే మా గణితశాఖ మిత్రుడొకరు నవ్వి, “మీ సమాసాలు వేరు, మా వర్గ సమాసాలు వేరు, మా పొలంలోకి మీరెందుకు వస్తున్నారు?” అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. పదవ తరగతి దాటగానే గణితానికి దూరం నుండే నమస్కరించి, సాహిత్యం నీడకు చేరినవాణ్ణి నేను. ఆ శాస్త్రంలో పాండిత్యం ఉన్నదని చెప్పుకొనే సాహసం చేయను. అయినను ఈ నాలుగు మాటలు వ్రాయక తప్పని పరిస్థితిని ఒక చిన్న దరఖాస్తు కల్పించింది.

గత విద్యాసంవత్సరంలో ఎం.పి.సి. మొదటి సంవత్సరం విద్యార్థి ఒకడు నా వద్దకు వచ్చాడు. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమంలో చదివినవాడు. బుద్ధిమంతుడు, మితభాషి. తనను ఎం.పి.సి. నుండి సి.ఇ.సి.కి మార్చవలసిందిగా ప్రిన్సిపాలుగారికి వ్రాసుకొన్న దరఖాస్తుపై తరగతి బాధ్యుడుగా నా సంతకం కావాలని దాని సారాంశం. కారణం అడిగాను. మాట్లాడకుండా భౌతికశాస్త్రం పరీక్ష జవాబుపత్రం నా ముందు పెట్టాడు.

ప్రశ్న ఇది: 25 మీటర్ల ఎత్తుగల మేడపై నుండి ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరినచో, అది ఎన్ని సెకన్లకు నేలను తాకుతుంది? గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకొమ్మన్నారు. కుర్రవాడు సూత్రం సరిగానే వ్రాశాడు.

ఎత్తు = 25 + 20 × కాలం − 5 × కాలం²

దీనిని సున్నకు సమానం చేసి, −5తో భాగించి, కారణాంకాలుగా విడగొట్టి, 5, −1 అని రెండు విలువలు రాబట్టాడు. రెండింటి చుట్టూ అందంగా చతురస్రం గీశాడు. దిద్దినవారు ఆ చతురస్రంపై ఎర్ర గీత గీసి మార్కులు తగ్గించారు.

“సూత్రం తప్పలేదు సార్, లెక్క తప్పలేదు. అయినా మార్కులు పోయాయి. ఈ సబ్జెక్టులో న్యాయం ఏమిటో నాకు అర్థం కావడం లేదు. ఇది నాకు రాదు” అన్నాడు. ఆ చివరి రెండు మాటలు అంటున్నప్పుడు అతని గొంతు మారింది.

నాకు తెలిసిన విద్య ఒక్కటే, వాక్యానికి అర్థం అడగడం. ప్రశ్నను పక్కన పెట్టి, మా ఇద్దరి ఇళ్లలోనూ మాట్లాడే ఉర్దూలోనే అడిగాను.

“బేటా, విసిరే క్షణానికి బంతి ఎక్కడ ఉన్నది?”

“మేడ మీద.”

“కాలం సున్న అయినప్పుడు నీ సూత్రం ఏమంటున్నది?”

సున్నను ప్రతిక్షేపించి చూశాడు. “25 అంటున్నది.” ఒక నిమిషం ఆగి, “అయితే సార్, ఈ 25 అంటే మేడ ఎత్తేనా?” అన్నాడు. తన చేతితో వ్రాసిన సంఖ్యను అప్పుడే మొదటిసారి చూచినట్లున్నది.

“ఎత్తు సున్న కావడమంటే?”

“నేలను తాకడం.”

“మరి మైనస్ ఒకటి?”

ఈసారి నా వైపు చూడకుండా కాగితం వైపే చూశాడు. “విసరడానికి ఒక సెకను ముందు. అప్పటికి బంతి చేతిలోనే ఉన్నది కదా సార్!”

అతనికి గణితం రాకపోవడం కాదు. వర్గ సమీకరణాన్ని సాధించడం వచ్చును. సాధించినది ఏమిటో చెప్పడం ఎవరూ అడగలేదు. దరఖాస్తును మడిచి జేబులో పెట్టుకొని వెళ్లిపోయాడు. ప్రస్తుతం అదే గ్రూపులో రెండవ సంవత్సరం చదువుతున్నాడు.

సంతోషించవలసిన విషయమే. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అంతకు ముందటి సంవత్సరం అటువంటి దరఖాస్తులు రెండింటిపై, కారణమైనా అడగకుండా, నేనే సంతకం చేసి ఉన్నాను.

ఈ అనుభవం నుండి నాకు కలిగిన అభిప్రాయాన్ని మొదటే చెప్పివేస్తాను. వర్గ ప్రమేయానికి మూలాలు కనుగొన్నంత మాత్రాన లెక్క పూర్తి కాదు. ఆ మూలాలు ఏ స్థలాన్ని, ఏ క్షణాన్ని, ఏ కొలతను చూపుతున్నవో ఒక్క పూర్తి వాక్యంలో చెప్పగలిగినప్పుడే పూర్తి అవుతుంది. ఆ వాక్యం విద్యార్థి తన సొంత భాషలో చెప్పవలె. చెప్పించే బాధ్యత గణితాధ్యాపకులది మాత్రమే కాదు. భాషాధ్యాపకులమైన మాది కూడా.

మన విద్యార్థుల తికమకకు కొంత కారణం పేర్లలోనే ఉన్నది. బహుపదుల పాఠంలో ‘శూన్యాలు’ అంటారు. సమీకరణాల పాఠంలో ‘మూలాలు’ అంటారు. రేఖాచిత్రం గీసేటప్పుడు ‘అంతరఖండాలు’ అంటారు. వాస్తవ సంఖ్యల విషయంలో ఈ మూడు పేర్లూ ఒకే సంఖ్యను మూడు వైపుల నుండి చూచి పెట్టినవి. ఇల్లు ఒక్కటే, వాకిళ్లు మూడు. కాని విద్యార్థి వీటిని మూడు వేర్వేరు పాఠాలుగా కంఠస్థం చేసి, మూడు వేర్వేరు భయాలుగా మోస్తున్నాడు.

‘అంతరఖండం’ అనే మాటనే తీసుకొందాం. అంతరం అంటే నడిమి ఎడం; ఖండం అంటే కోసిన ముక్క. ఒక రేఖ అక్షాన్ని ఖండించినప్పుడు, మూలబిందువుకూ ఆ ఖండించిన చోటుకూ నడుమ మిగిలిన ముక్క అంతరఖండం. ఇంగ్లీషులోని ఇంటర్‌సెప్ట్ అనే మాటకు లాటిన్ మూలంలో ‘నడుమ పట్టుకొనడం’ అని అర్థం. ఉర్దూ చదువుకొన్నవారికి గజల్ చివరి ద్విపద అయిన ‘మక్తా’ తెలిసినదే. ఆ మాటకు మూలమైన ‘కతా’ కూడా కోత అనే అర్థాన్నే ఇస్తుంది. వర్గమూలాన్ని ఉర్దూ గణితంలో ‘జజ్ర్’ అంటారు, అనగా వేరు. తెలుగులో మూలం అన్నా వేరే. ఇంత తేటగా ఉన్న మాటలను అర్థం చెప్పకుండా అప్పగించి, పిల్లలకు గణితం కఠినమైనదని చాటడం మనకు అలవాటైపోయింది.

వర్గ ప్రమేయం రేఖాచిత్రం పరావలయం అన్నది అందరికీ తెలుసు. వర్గ పదపు గుణకం ధనాత్మకమైతే గిన్నెవలె పైకి తెరుచుకొంటుంది. ఋణాత్మకమైతే కమానువలె కిందికి వంగుతుంది. అడ్డంగా ఉన్న ఎక్స్ అక్షాన్ని నేల అనుకొంటే, వక్రం నేలను తాకే చోట్లు ఎక్స్ అంతరఖండాలు. నిలువుగా ఉన్న వై అక్షాన్ని దాటే చోటు వై అంతరఖండం. మొదటివి ఒకటో, రెండో ఉండవచ్చు, అసలు లేకపోవచ్చు. రెండవది మాత్రం ఎప్పుడూ ఒక్కటే ఉంటుంది. ఎక్స్ స్థానంలో సున్న ఉంచగానే వర్గ పదమూ, ఎక్స్ పదమూ మాయమై స్థిరపదం మిగులుతుంది. అదే వై అంతరఖండం. ఇంత సులభంగా దొరుకుతుంది కనుకనే దీనిని ఎవరూ పట్టించుకోరు. నిజానికి కథ ఎక్కడ మొదలైనదో చెప్పేది ఇదే. బంతి లెక్కలో మేడ ఎత్తు ఇదే.

ఇక ఉదాహరణకు ఒక తాడు కథ చెబుతాను. 20 మీటర్ల తాడుతో నేలపై దీర్ఘచతురస్రాకారపు స్థలాన్ని చుట్టవలె. వైశాల్యం 21 చదరపు మీటర్లు కావలె. భుజాలు ఎంతెంత? పొడవూ వెడల్పూ కలిసి 10. ఒకటి ఎక్స్ అయితే రెండవది 10 − ఎక్స్. రెండింటి లబ్ధం 21. పదాలన్నీ ఒక వైపునకు చేర్చితే,

ఎక్స్² − 10 ఎక్స్ + 21 = 0

కారణాంకాలు (ఎక్స్ − 3), (ఎక్స్ − 7). కాబట్టి 3 లేదా 7. వక్రం నేలను 3 వద్ద, 7 వద్ద ఖండిస్తుంది. వాటికి సరిగ్గా నడుమ, 5 వద్ద, నేలకు 4 ప్రమాణాల దిగువన దాని శీర్షం ఉంటుంది. ఇక్కడ రెండు మూలాలూ గ్రాహ్యమే. అవి ఒకే స్థలపు రెండు భుజాలు.

అదే తాడుతో 25 చదరపు మీటర్లు అడిగితే? స్థిరపదం 25 అవుతుంది. వై అంతరఖండం 21 నుండి 25కు పెరగడమంటే వక్రమంతా ఉన్నదున్నట్లుగా 4 ప్రమాణాలు పైకి లేవడం. శీర్షం వచ్చి నేలను తాకుతుంది. రెండు మూలాలూ కలిసిపోయి 5 ఒక్కటే మిగులుతుంది. స్థలం చతురస్రమవుతుంది. 30 చదరపు మీటర్లు అడిగితే? వక్రం మరి 5 ప్రమాణాలు లేచి నేలను విడిచిపోతుంది. ఎక్స్ అంతరఖండమే ఉండదు. తాడును ఎన్ని విధాల మడిచినా ఆ దీర్ఘచతురస్రం రాదు. 20 మీటర్ల తాడుతో చుట్టగల దీర్ఘచతురస్రాలలో చతురస్రమే మిక్కిలి పెద్దది. దాని వైశాల్యం 25.

ఈ మూడు దశలనూ విడదీసి చెప్పే సంఖ్యకు మన పాఠ్యపుస్తకాలు ‘విచక్షణి’ అని పేరు పెట్టినవి. ఎక్స్ గుణకం వర్గం నుండి, వర్గ పదపు గుణకాన్నీ స్థిరపదాన్నీ గుణించిన దానికి నాలుగు రెట్లు తీసివేస్తే వచ్చేది విచక్షణి. మన తాడు లెక్కలో మొదటిసారి 100 − 84, అనగా 16. రెండవసారి 100 − 100, అనగా సున్న. మూడవసారి 100 − 120, అనగా −20. ధనమైతే రెండు చోట్ల ఖండన, సున్న అయితే ఒక్క స్పర్శ, ఋణమైతే ఎడబాటు. విచక్షణ అంటే మంచిచెడ్డలను, సాధ్యాసాధ్యాలను వేరుచేసి చూడగల వివేకం కదా! ఇంత చక్కని పేరుగల సంఖ్యను ఏ, బి, సి అనే అక్షరాల మూటగా మాత్రమే మన పిల్లలు ఎరుగుదురు.

ఈ తాడు లెక్కలోని సంఖ్యలు నా కల్పన కావు. బాగ్దాదులో ఖలీఫా అల్ మామూన్ కాలంలో, సుమారు 820 ప్రాంతాన, అల్ ఖ్వారిజ్మీ తన అల్ జబ్ర్ గ్రంథంలో చూపిన ఉదాహరణలలో ఒకటి ఇదే: ఒక వర్గానికి 21 కలిపితే ఆ మూలానికి పది రెట్లకు సమానం. ఆయన సాధన మాటలలోనే నడుస్తుంది. పదిలో సగం 5. దాని వర్గం 25. అందులో 21 తీస్తే 4. దాని మూలం 2. 5 నుండి తీస్తే 3, 5కు కలిపితే 7. సగాన్ని వర్గం చేయగా వచ్చినది ఇచ్చిన సంఖ్య కంటె తక్కువైతే సమస్య అసాధ్యమనీ, సమానమైతే ఆ సగమే మూలమనీ ఆయన స్పష్టంగా చెప్పాడు. విచక్షణి అనే పేరు లేకపోయినా విచక్షణ పూర్తిగా ఉన్నది.

ఆ గ్రంథంలో నేటి చిహ్నాలు లేవు. ఎక్స్ లేదు, ప్లస్ లేదు, మైనస్ లేదు. అంతా వాక్యాలే. లెక్క వేయడమంటే ఆ రోజులలో వాక్యం చెప్పడమే. వ్యాపారం, భూమి కొలత, వారసత్వపు వాటాలు, వీటికి అక్కరకు వచ్చే శాస్త్రంగా ఆయన దానిని వ్రాశాడు. 1145లో అది లాటిన్‌లోకి అనువాదమైంది. అల్ జబ్ర్ నుండి ఆల్జీబ్రా, ఆయన పేరు నుండి నేడు కంప్యూటరు విద్యార్థులందరూ పలికే ఆల్గరిథం పుట్టినవి.

అయితే ఆయన ఋణ సంఖ్యలను మూలాలుగా అంగీకరించలేదు. ఆ సంఖ్యలకు నియమాలు కట్టిన ఘనత మన దేశానిది. 628లో బ్రహ్మగుప్తుడు ఆస్తిని ధనమనీ, అప్పును ఋణమనీ పేర్కొని, సున్నతో సహా వాటి కూడికలు, తీసివేతలు, గుణకారాలకు సూత్రాలు చెప్పాడు. వర్గ సమీకరణానికి సాధనా చూపాడు. ఆ ధన, ఋణ పదాలే నేటికీ మన తెలుగు తరగతిలో వినబడుతున్నవి. అప్పు అంటే ఏమిటో తెలియని ఇల్లు మనలో ఎక్కడ ఉన్నది? మైనస్ అని భయపడే పిల్లవానికి అప్పు అని చెప్పి చూడండి.

మూలం దొరికిన తరువాత చేయవలసిన పని మరొకటి ఉన్నదని భాస్కరాచార్యుని బీజగణితంలోని కోతుల లెక్క చెబుతుంది. ఒక కోతుల గుంపులో అయిదవ వంతు నుండి మూడు తీసివేయగా మిగిలినదానిని వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలోకి పోయినవి. ఒకటి మాత్రం కొమ్మ మీద కనబడుతున్నది. మొత్తం ఎన్ని? సమీకరణం 50, 5 అని రెండు జవాబులు ఇస్తుంది. 50లో అయిదవ వంతు 10. మూడు తీస్తే 7. దాని వర్గం 49. కొమ్మ మీది ఒకటితో 50. సరిపోయింది. 5లో అయిదవ వంతు 1. మూడు తీస్తే −2. దాని వర్గం 4. ఒకటి కలిపితే 5. ఇదీ సరిపోయింది! కాని ఒక కోతి నుండి మూడు కోతులను తీసివేయడం లోకం ఒప్పదు గనుక 5ను గ్రహించరాదని ఆ మహానుభావుడు నిర్ణయించాడు. సమీకరణం రెండింటినీ ఒప్పుకొన్నది. ఒకదానిని కాదన్నది అర్థం. పన్నెండవ శతాబ్దిలో భాస్కరుడు చేసిన ఆ నిర్ణయాన్నే మా కుర్రవాడు బంతి లెక్కలో చేయలేకపోయాడు. అతని బుద్ధిలో లోపం లేదు. నిర్ణయించే అధికారం తనకున్నదని ఎవరూ చెప్పలేదు.

మరి ఆ −1 వట్టి చెత్తయేనా? ఇదే ప్రశ్న గణితశాఖ మిత్రుణ్ణి అడిగాను. ఆయన చెప్పిన సమాధానం నన్ను ముగ్ధుణ్ణి చేసింది. అదే బంతిని ఒక సెకను ముందుగా, మేడ పైనుండి కాక నేల మీది నుండే, సెకనుకు 30 మీటర్ల వేగంతో విసిరి ఉంటే, సరిగ్గా కాలం సున్న అయిన క్షణానికి అది 25 మీటర్ల ఎత్తున, సెకనుకు 20 మీటర్ల వేగంతో పైకి పోతూ ఉండేదట. తరువాతి ప్రయాణమంతా ఒక్కటే. మనం అడగని ప్రశ్నకు సమీకరణం ఇచ్చిన జవాబు ఆ −1. దానిని కొట్టివేయడం సరియైనదే. కాని ఎందుకు కొట్టివేశామో తెలిసి కొట్టివేయడం విద్య, అలవాటుగా కొట్టివేయడం చిలుక పలుకు.

అంకెలను గీతలుగా చూడడం కూడా ఒక్కనాటి పని కాదు. కవిగా లోకమెరిగిన ఒమర్ ఖయ్యాం ఘన సమీకరణాలను పరావలయాలు, వృత్తాలు ఒకదానినొకటి ఖండించే బిందువుల ద్వారా సాధించాడు. 1637లో ఫ్రాన్సు దేశీయుడైన డేకార్ట్ తన జ్యామితి గ్రంథాన్ని ప్రకటించిన తరువాతనే సమీకరణమూ వక్రమూ ఒకే విషయానికి రెండు రూపాలన్న దృష్టి స్థిరపడింది. ఇన్ని శతాబ్దాలకు కుదిరిన ఆ చెలిమిని మనం ఒక్క తరగతి గంటలో విడదీసి, గీత వేరు, లెక్క వేరు చేసి వడ్డిస్తున్నాము.

నా వాదానికి వచ్చే ఆక్షేపణలు నాకు తెలియకపోలేదు. మొదటిది, పాఠ్యప్రణాళిక విస్తారమైనది, సమయం చాలదని. నేను కోరుతున్నది లెక్కకు ఒక్క వాక్యం. “బంతి అయిదు సెకన్లకు నేలను తాకును, మైనస్ ఒకటి విసరక ముందటి కాలం గనుక గ్రాహ్యం కాదు.” ఇంతే. రెండవది, ప్రవేశ పరీక్షలలో సరియైన జవాబును గుర్తించడమే గాని వాక్యాలకు చోటు లేదని. నిజమే, కాని అర్థం తెలిసినవానికి అక్కడ కూడా లాభమే. బంతి లెక్కనే చూడండి. వై అంతరఖండం 25, అనగా వక్రం నేలకు పైన మొదలైంది. వర్గ పదపు గుణకం ఋణం గనుక ఇరువైపులా చివరకు కిందికి దిగవలసిందే. కాబట్టి మూలబిందువుకు కుడివైపున ఒక చోట, ఎడమవైపున ఒక చోట నేలను ఖండించక తప్పదు. ఒక మూలం ధనం, ఒకటి ఋణం అని ఒక్క అంకె కూడా వేయకుండా చెప్పవచ్చు. రెండూ ధనాలుగా చూపే జవాబులను చూడగానే తోసివేయవచ్చు. అర్థం సమయాన్ని తినదు, మిగుల్చుతుంది.

మూడవ ఆక్షేపణ గట్టిది. ముందుముందు చదువంతా ఇంగ్లీషులో ఉండగా తెలుగులోను, ఉర్దూలోను చెప్పించి ఏమి ప్రయోజనమని. ఇంగ్లీషు మాటలను విడిచిపెట్టమని నేను అనడం లేదు. అవి నేర్వవలసిందే. కాని మొదటి అర్థం మనసులో ఏదో ఒక భాషలో వెలగవలె. అది ఇంటి భాషలో వెలిగిన తరువాత దానికి ఇంగ్లీషు పేరు పెట్టుకోవడం ఒక్క పూట పని. అసలు వెలగనే లేదంటే ఎన్ని పేర్లు ఉండి ఏమి?

ఇక మన భాషలకు ఆ శక్తి లేదనేవారు చరిత్ర చూడవలె. తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన గణిత సార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆయన పదకొండవ శతాబ్దివాడని పండితుల అభిప్రాయం. అనగా మన తెలుగు కావ్యరచన తొలి వెలుగులలోనే గణితం కూడా ఉన్నది. ఉర్దూ విషయానికి వస్తే, హైదరాబాదులో 1917లో అనువాద సంస్థ దారుల్ తర్జుమా ఏర్పడి, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా వెలసినప్పుడు గణితం, వైద్యం, ఇంజనీరింగ్ వంటి శాస్త్రాలకు ఆ భాషలోనే పాఠ్యగ్రంథాలు తయారైనవి. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి కళాశాల స్థాయి పుస్తకాలనూ, పారిభాషిక పదాలనూ తెలుగులో సమకూర్చింది. మాటలు సిద్ధంగా ఉన్నవి. వాటిని నోట పలికించేవారే కరువు.

పరులకు ధర్మాలు చెప్పి ఊరుకోవడం అధ్యాపకులకు గల పాత జబ్బు. కనుక మొదట నా తప్పు ఒప్పుకొంటాను. వ్యాసరచన అనగానే వర్షాకాలం మీద, విహారయాత్ర మీద వ్రాయమన్నానే గాని, సాధించిన ఒక లెక్కను సొంత మాటలలో వివరించమని ఏనాడూ అడగలేదు. ఈ సంవత్సరం నుండి నెలకొకసారి అడుగుతున్నాను. గణితశాఖ మిత్రుడు లెక్క ఇస్తారు. ఉర్దూ శాఖవారు తమ విద్యార్థులచేత, నేను నా విద్యార్థులచేత దానికి వివరణ వ్రాయిస్తాము. తాడు లెక్క ఇచ్చినప్పుడు ఒక విద్యార్థిని ఇలా వ్రాసింది: “తాడు పెంచకుండా స్థలం మాత్రం పెంచమంటే తాడు ఏమి చేయగలదు? లేదని చెప్పడం కూడా జవాబే.” ఆ వాక్యానికి నేను పూర్తి మార్కులు వేశాను, గణితశాఖవారు కూడా వేశారు.

విద్యార్థులారా, మీకు నా మనవి మూడు ముక్కలలో చెబుతాను. లెక్క మొదలుపెట్టక ముందు వక్రం ఎటు తెరుచుకొంటుందో, ఎక్కడ మొదలవుతుందో చిన్న గీతగా గీసుకోండి. మూలాలు రాగానే కలం పెట్టివేయకండి. అవి ఏమంటున్నవో వ్రాయండి. విచక్షణి ఋణమై మూలాలు రానప్పుడు మీరేదో తప్పు చేశారని బెదరకండి. వక్రం నేలను తాకడం లేదన్నదే అక్కడి సత్యం.

సహోపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. “ఇది నాకు రాదు” అని ఒక పిల్లవాడు కాగితం తెచ్చినప్పుడు, సంతకానికి ముందు ఒక్క ప్రశ్న అడగండి. ఆ ప్రశ్నను అతని ఇంటి భాషలో అడగండి. ఒకనికి ఆ ప్రశ్న వేయగలిగాను. అంతకు ముందు వచ్చిన ఇద్దరికీ వేయలేదు. వారు ఆ చదువును విడిచి వెళ్లింది తమ అశక్తత వల్లనా, నా సంతకం వల్లనా అన్నది నాకు ఈనాటికీ తేలని లెక్క.